పంటు దాటని పేపర్లు: రవాణా పరిశోధనపై అపోహలు, వాస్తవాలు

కోనసీమలో సివిల్ ఇంజనీరింగ్ చదివే పిల్లలు ప్రాజెక్టుకి అంశం వెతుక్కునేటప్పుడు ఏటిగట్టు వైపు చూడరు. హైదరాబాద్ మెట్రో, బెంగళూరు ట్రాఫిక్ జాములు, డ్రైవర్ లేని కార్లు, హైపర్‌లూప్ అంటూ మొదలుపెడతారు. సఖినేటిపల్లి రేవులో బళ్ళనీ మనుషుల్నీ ఏరు దాటించే పంటు ఎక్కి నరసాపురం వెళ్ళొచ్చే అమ్మాయి తన పేపర్లో మాత్రం ఎన్నడూ చూడని ఊరి సిగ్నళ్ళ గురించి రాస్తుంది. ఆ పిల్లలకి తెలివి తక్కువై కాదు. పేపర్ దేని మీద రాయాలి, ఎలా రాయాలి, ఎక్కడికి పంపాలి అన్న విషయాల్లో సీనియర్ల నుంచి జూనియర్లకి చేతులు మారుతూ వస్తున్న మాటల్లో చాలా వాటికి ఆధారం లేదు. వాటిలో ఎక్కువ నష్టం చేస్తున్నది మొదటిది. అందుకే దాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

“వినూత్న రవాణా అంటే హైపర్‌లూపే. మన లంకల్లో ఏముంది?”

2017 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ఆర్థికాభివృద్ధి మండలి హైపర్‌లూప్ ట్రాన్స్‌పోర్టేషన్ టెక్నాలజీస్ అనే అమెరికా కంపెనీతో ఒప్పందం చేసుకుంది. విజయవాడ నుంచి అమరావతికి గంట ప్రయాణం ఐదారు నిమిషాల్లో ముగుస్తుందన్నారు. అది రాలేదు. అలాగని హైపర్‌లూప్ మీద పనిచేయకూడదని కాదు. ఐఐటీ మద్రాసు 422 మీటర్ల ప్రయోగ మార్గం కట్టుకుని మరీ ఆ పని చేస్తోంది. అలాంటి ట్రాక్ లేకుండా మనం రాసేది ఇంకొకరి పేపర్ల సారాంశమే అవుతుంది. సమీక్షకుడు దాన్ని మొదటి పేజీలోనే పసిగడతాడు.

మన దగ్గర ఉన్నది వేరు. గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయల మధ్య, సముద్రం అంచున ఉన్న ఈ నేల మీద ప్రయాణమంటే నీళ్ళు దాటడమే. కొచ్చిలో పది ద్వీపాలను కలిపే వాటర్ మెట్రోని 2023 ఏప్రిల్‌లో ప్రారంభించారు. బ్యాటరీతో నడిచే ఆ పడవల గురించి ఇప్పుడు దేశమంతా మాట్లాడుకుంటోంది. నార్వేలో కార్లను సముద్రపు పాయ దాటించే ఆంపియర్ అనే విద్యుత్ ఫెర్రీ 2015లోనే నడక మొదలుపెట్టింది. ప్రపంచం వినూత్నం అంటున్న సంగతికి మూలరూపం మన రేవుల్లో రోజూ డీజిల్ పొగ వదులుతూ తిరుగుతోంది. ఆ మాటకొస్తే రవాణాలో కొత్త ఆలోచన ఈ గడ్డకి కొత్తేమీ కాదు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దాని కాలువలను పొలాలకి నీళ్ళివ్వడానికే కాదు, సరుకు పడవలు నడవడానికి కూడా ఉద్దేశించాడు. రైళ్ళకంటే జలమార్గాలే ఈ దేశానికి చవక అని ఇంగ్లండులో వాదించాడు. పి.గన్నవరం దగ్గర వైనతేయ మీదుగా 49 ఖానాల అక్విడెక్టు కట్టి ఏటి మీద కాలువను దాటించిన చోటు ఇది.

ఈ నేల మీద పేపర్ ఎలా పుడుతుందో ఒక ఉదాహరణ. సఖినేటిపల్లి రేవులో బండి వచ్చి వరసలో ఆగిన క్షణంలో దాని నంబరు ప్లేటు మీది చివరి నాలుగంకెలూ టైమూ రాసుకోవాలి. అవతల నరసాపురం ఒడ్డున బండి రాంపు ఎక్కినప్పుడు ఇంకొకరు అదే పని చేయాలి. సాయంత్రం రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి కలిపితే ఏరు దాటడానికి పట్టిన అసలు సమయం తేలుతుంది. అందులో ప్రయాణమెంత, పంటు కోసం ఎదురుచూపెంత అన్నది విడివిడిగా తెలియాలంటే పంటు కదిలిన టైము కూడా రాసుకోవాలి. పోటు వేళకీ పాటు వేళకీ తేడా ఉందా? పెళ్ళిళ్ళ రోజుల్లో వరస ఎంత పెరిగింది? చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్ళగలిగిన వాళ్ళు కూడా రేవుకే ఎందుకొస్తున్నారు? ఈ మూడో ప్రశ్నకి జవాబు దొరికితే, జనం తమ సమయానికీ పెట్రోలుకీ ఎంత విలువ కడుతున్నారో తేలుతుంది. రవాణా అర్థశాస్త్రంలో ఎంతోమంది ఏళ్ళ తరబడి వెతుకుతున్న సంగతే అది. దీనికి కావలసింది రెండు ఒడ్డుల్లో ఇద్దరు మనుషులు, రెండు పెన్నులు, సెకను తేడా లేకుండా కలిపిన రెండు గడియారాలు.

ఇంకొకటి ఉంది, అది చేయి జారకముందే పట్టుకోవలసినది. 2000–01లో మంజూరైన 57 కిలోమీటర్ల కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం మూడు పాయలనూ దాటి రావాలి. ఆ రైలు వచ్చాక అమలాపురం, రాజోలు జనం ప్రయాణాలు ఎంత మారాయని ఎవరో ఒకరు తప్పకుండా రాస్తారు. రాయాలంటే రైలు రాకముందు ఎలా ఉండేదో లెక్క ఉండాలి. ఎవరు ఏ బస్సుకి, ఏ ఆటోకి, ఏ ఊరు మారి, ఎంత ఖర్చుతో వెళ్తున్నారో ఇప్పుడే రాసిపెట్టాలి. మొదటి రైలు కూత పెట్టిన మర్నాడు ఎంత డబ్బు పోసినా ఆ లెక్క దొరకదు.

2018 జూలై 14న ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర గౌతమి పాయలో పడవ బోల్తాపడి బడి పిల్లలు గల్లంతయ్యారు. బడి వేళల్లో లంక పడవలు ఎంతమందిని ఎక్కించుకుంటున్నాయి, లైఫ్‌జాకెట్లు ఉన్నాయా, ఉంటే వేసుకుంటున్నారా, వేసుకోకపోతే ఎందుకు? వీటి మీద రాసే పేపర్‌ని చిన్న అంశమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

“ల్యాబూ ఖరీదైన సాఫ్ట్‌వేరూ లేకపోతే పేపర్ రాదు”

ట్రాఫిక్ నడకను కంప్యూటర్లో చూపించే సుమో అనే ప్రోగ్రాం ఉచితం. జర్మనీ అంతరిక్ష పరిశోధన సంస్థ దాన్ని తయారుచేసి అందరికీ వదిలింది. మ్యాపులకి క్యూజీఐఎస్, లెక్కలకి ఆర్, పైథాన్, ఇవన్నీ పైసా ఖర్చు లేనివే. అసలు కొరత కొలతలది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో ఇచ్చిన 64వ నంబరు మార్గదర్శకం ప్రకారం పల్లె రోడ్డు మీద ఒక కారుని ఒకటిగా లెక్కేస్తే, ట్రెయిలరు కట్టిన ట్రాక్టర్ నాలుగున్నర కార్లతో సమానం. కాలువ గట్టు మీది సన్నటి రోడ్డులో, కొబ్బరికాయల లోడుతో వెళ్ళే ట్రాక్టర్ కోసం ఎదురుబండి మార్జిన్లోకి దిగి ఆగాల్సి వచ్చినప్పుడు కూడా అది నాలుగున్నరేనా? కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ (సీఆర్ఆర్ఐ) నాయకత్వంలో 2017లో వచ్చిన ఇండో–హెచ్‌సీఎం అనే రోడ్డు సామర్థ్యపు మాన్యువల్ దగ్గర పెట్టుకుని, కొత్తపేట వైపు ఏ గట్టు రోడ్డు మీదైనా వీడియో తీసి లెక్కిస్తే జవాబొస్తుంది. ఫోనే మీ ల్యాబు.

సర్కారు లెక్కలు కూడా చేతికందేవే. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే ఏ అంకె దగ్గర మునుగుతుంది, అక్కడ ఆ అంకె పడ్డాక ఎన్ని గంటలకి ఇక్కడ రాకపోకలు ఆగుతాయి? ఈ రెండిటినీ కలిపి రాసిన పేపర్ తహసీల్దారు బల్ల మీద కూడా ఉండదగ్గది.

“సర్వే ఫారం ఇంగ్లీషులో ఉంటేనే ప్రమాణం”

పేపర్ ఇంగ్లీషులో ఉండొచ్చు. ప్రశ్న మాత్రం రేవులో నిలబడ్డ మనిషి భాషలో ఉండాలి. “మీ ట్రిప్ పర్పస్ ఏంటి” అంటే మొహం చూసి ఊరుకుంటారు. “ఎక్కడికండీ, ఏం పని మీద?” అంటే అమ్మాయి పురుటికని, కొబ్బరి డబ్బులు తెచ్చుకోవడానికని కథంతా చెప్తారు. నెల ఆదాయమెంత అని నేరుగా అడిగితే నిజం రాదు. ఇంట్లో మోటార్‌సైకిలుందా, కారుందా అని అడగండి. తెలుగులో అడిగిన ప్రశ్నల్నీ వాటి ఇంగ్లీషు అనువాదాన్నీ పేపర్ చివర అనుబంధంగా పెట్టండి. ఇంగ్లీషు పండితుల్లా రాయనక్కర్లేదు. చిన్న వాక్యాలు చాలు. ‘రవాణా దేశాభివృద్ధికి వెన్నెముక’ అనే మొదటి వాక్యాన్ని మాత్రం కొట్టేయండి. ప్రతి పేపరూ దానితోనే మొదలవుతుంది, ఎవరూ దాన్ని చదవరు. ఏం అడిగాం, ఎక్కడ, ఎలా కొలిచాం, ఏం తేలింది అన్నవి సంగ్రహంలోనే, అంకెలతో సహా ఉండాలి.

“ఇంటర్నేషనల్ జర్నల్ అంటేనే గొప్ప. వారంలో ఒప్పుకున్నారంటే పేపర్ బాగుందన్నట్టే”

ఈ మాట తెలుగువాళ్ళకి చాలా దగ్గరి దెబ్బ. హైదరాబాద్ కేంద్రంగా వందల జర్నళ్ళు నడిపిన ఓమిక్స్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. నిపుణుల సమీక్ష విషయంలో తప్పుదారి పట్టించారని, ఫీజు సంగతి ముందు చెప్పకుండా పేపర్ ఒప్పుకున్నాక అడిగారని ఆరోపణ. 2019 మార్చిలో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకి పైగా కట్టమని తీర్పిచ్చింది. కాబట్టి పేరులో ‘ఇంటర్నేషనల్’ ఉందా అని కాకుండా, సంపాదక మండలిలో ఉన్నవాళ్ళు నిజంగా ఆ విశ్వవిద్యాలయాల్లో పనిచేస్తున్నారా, వాళ్ళ పేజీలో ఈ జర్నల్ ప్రస్తావన ఉందా, పాత సంచికల్లో మీ అంశం మీద చదవదగ్గ పేపర్ ఒక్కటైనా ఉందా అని చూడాలి. జర్నళ్ళ సూచిక అయిన స్కోపస్‌లో ఉందని చెప్తే స్కోపస్‌లోనే వెతికి చూసుకోవాలి, ఎందుకంటే తీసేసిన జర్నళ్ళు కూడా పాత ముద్ర చూపిస్తూనే ఉంటాయి. యూజీసీ కేర్ జాబితాలో ఉందన్న భరోసా కూడా ఇప్పుడు లేదు. ఆ జాబితాని 2025 ఫిబ్రవరిలో యూజీసీయే ఆపేసింది.

దీనికి తిరగేసిన అపోహ కూడా ఉంది, ఫీజు అడిగిందల్లా మోసమేనని. పాఠకుడికి ఉచితంగా చదివే వీలు కల్పించి, రచయిత దగ్గర ఖర్చు తీసుకునే మంచి జర్నళ్ళు చాలా ఉన్నాయి. ఆ మొత్తం పంపేముందే కనబడుతుందా లేదా అన్నదే గుర్తు. అసలు పైసా ఖర్చు లేకుండా కూడా దారులున్నాయి. మామూలు చందా జర్నళ్ళలో రచయిత ఏమీ కట్టనక్కర్లేదు.

“నాలుగు చోట్లకి పంపితే ఒకచోట తగుల్తుంది”

ఒక సమయంలో ఒకే చోటికి. ఇందులో సడలింపు లేదు. మీ పేపర్ చదివే సమీక్షకులు జీతం లేకుండా సొంత రాత్రుళ్ళు వెచ్చించి చదువుతారు. ఈ రంగం చిన్నది కాబట్టి రెండు జర్నళ్ళ నుంచి ఒకే పేపర్ ఒకే మనిషికి వెళ్ళడం జరుగుతుంది. అప్పుడు రెండు చోట్లా తలుపు మూసుకుపోతుంది. సదస్సులో చదివిన పేపర్‌ని తర్వాత పెంచి జర్నల్‌కి పంపొచ్చు, ఆ సంగతి కవరు లేఖలో చెప్పాలి.

“పది శాతం లోపుంటే కాపీ కాదు”

యూజీసీ 2018 నిబంధనల్లో పది శాతం లోపు పోలికకి శిక్ష లేదన్న మాట నిజం. అయితే సాఫ్ట్‌వేర్ చూసేది మాటల వరసను. ఇంకొకరి ఆలోచన, ఇంకొకరి కొలతల పట్టిక మాటలు మార్చి పెడితే దానికి కనబడకపోవచ్చు, సమీక్షకుడికి కనబడుతుంది. పోలిక తగ్గించడానికి మాటలు మార్చే యంత్రాలు వాడితే ‘ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’ కాస్తా ‘కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్’గా అచ్చయిన పేపర్లున్నాయి. ఫ్రాన్స్ పరిశోధకులు 2021లో వాటిని ఏరి బయటపెట్టాక చాలా వాటిని వెనక్కి తీసుకున్నారు. ఏఐతో రాయించుకునేవాళ్ళకీ ఇదే చెప్పాలి. అది లేని పేపర్లకి ఉన్నట్టుగా ఆధారాలు పుట్టిస్తుంది. పెద్ద ప్రచురణ సంస్థలు ఏఐని రచయితగా ఒప్పుకోవు, వాడితే ఎక్కడ వాడారో రాయమంటాయి. పంటు దగ్గర మీరు నిలబడి కొలిచిన టైము దానికి తెలియదు కూడా.

“సవరణలు అడిగారంటే తిప్పికొట్టినట్టే”

చాలా మంచి పేపర్లు పెద్ద సవరణల తర్వాతే అచ్చవుతాయి. ‘మేజర్ రివిజన్’ అని ఉత్తరం వస్తే సంతోషించాలి. ప్రతి ప్రశ్నకీ నంబరు వేసి, దాని కింద జవాబు, ఏ పేజీలో ఏం మార్చామో రాసి పంపాలి. ఒప్పుకోని చోట కారణం చెప్పి మర్యాదగా నిలబడొచ్చు. ఇలాంటిదే ఇంకో అపోహ, పని చేయని పెద్దల పేర్లు రచయితల్లో చేర్చాలని. అది రివాజే తప్ప రూలు కాదు. సర్వేకి కాగితాలు పట్టుకుని ఎండలో నిలబడ్డ జూనియర్ల పేర్లు కనీసం కృతజ్ఞతల్లోనైనా ఉండాలి.

“నెల రోజులు కూర్చుంటే పేపర్ అయిపోతుంది”

రాయడానికి నెల చాలొచ్చు. ఏరు మాత్రం మన క్యాలెండర్ చూసుకుని రాదు. వాషింగ్టన్‌లో జనవరిలో జరిగే ట్రాన్స్‌పోర్టేషన్ రీసెర్చ్ బోర్డు సమావేశానికి పేపర్లు పంపే గడువు చాలా ఏళ్ళుగా ఆగస్టు 1. గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చేదీ, బూరుగులంక రేవులో వేసుకున్న తాత్కాలిక బాట కొట్టుకుపోయి పడవలు మొదలయ్యేదీ సాధారణంగా జూలైలోనే. అంటే ఈ ఏటి వరదని కొలిచి ఈ ఏడే పంపడం కుదరదు. ఈ జూలై, ఆగస్టుల్లో లెక్కలు తీసి, కొబ్బరి దింపుల కాలంలో మామూలు రోజుల ట్రాఫిక్‌తో పోల్చి, సంక్రాంతి రద్దీని కూడా పట్టుకుని, వేసవి సెలవుల్లో రాస్తే వచ్చే ఏడాది గడువుకి అందుతుంది. రెండేళ్ళకోసారి జరిగే ట్రాన్స్‌పోర్టేషన్ రీసెర్చ్ గ్రూప్ ఆఫ్ ఇండియా సదస్సుకైనా, ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పత్రికలకైనా లెక్క ఇదే. మూడో సంవత్సరం చదువుతున్న పిల్లలు మొదటి హెచ్చరిక ఎగరేసేలోపే రెండు ఒడ్డుల్లోనూ ఎవరు నిలబడాలో పేర్లు రాసుకోవాలి.