దూరవిమానము - దూదిబేరము

చిలకలూరిపేట మొదలు ఒంగోలు వరకు గల నల్లరేగడి పల్లెలలో, కొడుకో కూతురో అమెరికాలో నుండని వీధి నేడరుదు. అట్టి తలిదండ్రులకు 2021 జనవరి 15వ తేదీ శుభదినము. అప్పటికింకను ప్రభుత్వసంస్థయే యగు ఎయిర్ ఇండియా, నడుమ నెచ్చటను దిగని విమానమును నాడు హైదరాబాదునుండి చికాగోకు నడిపినది. పదుమూడువేల కిలోమీటర్లు మించిన దారి! ఇంగ్లీషు రాని తల్లికి, పరదేశపు విమానాశ్రయమున మరియొక విమానమును వెదకుకొను అవస్థ తప్పినది.

ఆ విమానము బోయింగు 777-200ఎల్‌ఆర్. 2005 మార్చిలో తొలిసారి యెగిరి, ఆ నవంబరులోనే హాంగ్‌కాంగునుండి తూర్పుదారిని లండనునకు 21,602 కిలోమీటర్లు ఏకధాటిగా 22 గంటల 42 నిమిషములలో పోయినది. రెక్కల నిడివి 64.8 మీటర్లు, ఇంజనులు రెండే. పైకి లేవగల గరిష్ఠపు బరువు సుమారు 3,47,000 కిలోలు; అనగా మన మిర్చియార్డులోని నలుబదికిలోల టిక్కీలు ఎనిమిదివేల ఆరువందలకు పైబడును. ఇందు నింపగల చమురే 1,45,000 కిలోలు. ఎయిర్ ఇండియావారి 238 ఆసనములు నిండి, సామానుతో మనిషికి నూరు కిలోలు వేసినను 24,000 కిలోలు దాటవు. మనుష్యులకు ఆరింతలు చమురు! కడపటి గంటలకు కావలసిన చమురును మోయుటకే మొదటి గంటలలో చమురు కాల్చవలెను. దూరవిమానపు చిక్కంతయు నిచటనే యున్నది. ఈ రకము ప్రపంచమంతట నమ్ముడుపోయినవి ఇంచుమించు అరువది మాత్రమే. తరువాతి 787, ఎయిర్‌బస్ ఏ350 విమానములను బరువులో సగపాలు కార్బను నార మిశ్రమముతో గట్టి తేలిక చేసిరి.

ఇందు మన పాలెంత? 1861-65 నడుమ అమెరికా అంతర్యుద్ధమున దూది కరవైనపుడు లాంకషైరువారు మన దేశపు పత్తిని ఎగబడి కొనిరి. దానినే బట్టగా నేసి మనకే యమ్మిరి. ఆ బేరము మరచితిమా? వాల్‌చంద్ హీరాచంద్ 1940లో బెంగుళూరున విమానముల కర్మాగారమును స్థాపించిరి. నాటినుండి నేటివరకు మన స్వంత నమూనాతో పెద్ద ప్రయాణవిమానమొక్కటియు వెలువడలేదు. యుద్ధవిమానములను గీయగలిగిన చేతులకు ఇది యసాధ్యమని యెవ్వరనగలరు? 2023 ఫిబ్రవరిలో ఎయిర్ ఇండియా 470 విమానములకు బేరము ప్రకటించెను. అందు దూరయానమునకు తగిన పెద్దవి 70. అన్నియు పరుల నమూనాలే.

హైదరాబాదు చెంత ఆదిభట్లలో టాటా-బోయింగు కర్మాగారము కలదు. అచట చేసిన 737 విమానపు నిలువుతోకలు సముద్రముదాటి అమెరికాకు పోవుచున్నవి. ఆ 737 జాతి విమానములనే మన కంపెనీలు అచటినుండి కొనితెచ్చుకొనుచున్నవి.