అద్దాల తొట్టిలో చేపకు రోగమా? మందుకంటే ముందు నీళ్లు చూడండి

చంపాపేట్: ఇబ్రహీంపట్నం, యాచారం, మంచాల వైపు నుంచి సాగర్ రోడ్డున నగరానికి వచ్చే పల్లె జనానికి చంపాపేట్ కొత్త కాదు. ఒకప్పుడు ఇదీ మనలాంటి ఊరే. నేడు నగరంలో కలిసిపోయి, రోడ్డుకు రెండు పక్కలా ఫంక్షన్ హాళ్లు, దుకాణాలతో నిండిపోయింది. పెళ్లికి వచ్చినవారు, ఆసుపత్రి పనికి వచ్చినవారు తిరుగు ప్రయాణంలో పిల్లల పోరు పడలేక రంగు చేపలు కొని, ప్లాస్టిక్ సంచిలో పట్టుకుని బస్సెక్కడం పరిపాటి అయింది. ఆ చేపల్లో చాలా వాటికి నెల తిరగకుండానే నూకలు చెల్లుతున్నాయి.

ఇటీవల ఒక దుకాణం ముందు ఈ విలేఖరి నిలబడి ఉండగా ఒక యువకుడు ఖాళీ సీసాతో వచ్చాడు.

"అన్నా, ఆదివారం కొనుకపోయిన చేపలు ఆరింటికి ఆరు సచ్చిపోయినయ్. మంచి మందుంటే ఇయ్యి."

"అన్నీ ఒక్కపారి సచ్చినయా, ఒక్కొక్కటి సచ్చినయా?"

"ఒక్క రాత్రిలనే అన్నీ."

"అట్లయితే రోగం చేపకు కాదు తమ్మీ, నీళ్లకు. నీళ్లెన్నడు మార్చినవ్?"

"అదే రోజు. మొత్తం ఒంపేసి, తోమి, నల్లా కింద పెట్టి నింపిన. తళతళ మెరిసింది."

దుకాణదారు మందు అమ్మలేదు. కొత్త చేపలూ ఇవ్వలేదు. నీళ్లు సరిచేసుకుని వారం తర్వాత రమ్మని పంపించాడు. ఆయన అడిగిన ఒక్క ప్రశ్నలోనే సగం వైద్యం ఉన్నదని తర్వాత విచారిస్తే తెలిసింది.

అన్నీ ఒకేసారా, ఒక్కొక్కటా?

తొట్టిలోని చేపలన్నీ కొన్ని గంటల్లోనే పైకి తేలి గుటకలు వేస్తున్నా, గిలగిల కొట్టుకుని చచ్చినా కారణం నీళ్లలో ఉన్నట్టు. ప్రాణవాయువు తక్కువై ఉంటుంది, లేదా నీళ్లలో విషం కలిసి ఉంటుంది. అలా కాక ఒక చేప మేత మాని మూలన చేరి, నాలుగు రోజులకు రెండోది, వారానికి మూడోది జబ్బు పడితే అది అంటురోగం. మొదటి దానికి మందు వేస్తే ప్రయోజనం లేకపోగా కీడు కూడా కలుగుతుంది.

పల్లెలో పుట్టినవారికి ఇది తెలియని సంగతి కాదు. ముసురు పట్టిన రోజుల్లో తెల్లవారుజామున చెరువులో చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుచుకుని తిరగడం మనం చూస్తుంటాం. రాత్రంతా నాచు, మొక్కలు, చేపలు కలిసి ప్రాణవాయువు వాడుకోవడం వల్ల తెల్లవారేసరికి నీళ్లలో అది తగ్గిపోతుంది. అద్దాల తొట్టిలోనూ జరిగేది అదే. పైగా నీళ్లు వేడెక్కినకొద్దీ వాటిలో ఇమిడే ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు ఇమిడితే, 30 డిగ్రీల వద్ద ఏడున్నరకు పడిపోతుంది. ఎండాకాలంలో కరెంటు పోయి గాలి పంపు ఆగితే చేపలు విలవిలలాడేది అందుకే. అప్పుడు చెంబుతో తొట్టి నీళ్లనే తీసి, కాస్త ఎత్తు నుంచి మళ్లీ తొట్టిలోనే పోస్తూ ఉంటే ప్రాణం నిలుస్తుంది.

నల్లా నీళ్లు, బోరు నీళ్లు

నగరానికి నాగార్జునసాగర్ నుంచి వచ్చే కృష్ణా నీళ్లయినా, మరే నల్లా నీళ్లయినా క్లోరిన్ కలిపే వదులుతారు. మన ఊళ్లలో ట్యాంకుల్లో కలిపే బ్లీచింగ్ పొడి చేసే పనీ అదే. మనిషికి మేలు చేసే ఆ క్లోరిన్ చేప మొప్పలను కాల్చేస్తుంది. నల్లా నీళ్లను వెడల్పాటి బకెట్లో మూత లేకుండా ఒక రోజంతా ఉంచితే క్లోరిన్ చాలా వరకు ఎగిరిపోతుంది. తొందరైతే దుకాణాల్లో దొరికే క్లోరిన్ విరుగుడు చుక్కలు వాడవచ్చు. వాటిలో సాధారణంగా ఉండేది ఫోటో స్టూడియోల్లో వాడిన హైపోయే.

బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు గానీ, భూమి లోపలి నుంచి వచ్చిన ఆ నీళ్లలో ప్రాణవాయువు బహు తక్కువ. వాటినీ ఒక పూట బకెట్లో ఉంచి, నాలుగుసార్లు ఎత్తి పోసి వాడాలి. మరో సంగతి. మన వైపు బోరు నీళ్లు సాధారణంగా ఉప్పదనం, క్షార గుణం కలిగినవి. అటువంటి నీళ్లలో చేప విసర్జన నుంచి పుట్టే అమ్మోనియా మరింత విషమవుతుంది.

అమ్మోనియాయే తొట్టి చేపలకు అసలు శత్రువు. చేప మొప్పల నుంచి, మలం నుంచి, తినగా మిగిలి కుళ్లిన మేత నుంచి అది పుడుతుంది. కంటికి కనిపించదు. నీళ్లు అద్దంలా తేటగా ఉన్నా అందులో విషం ఉండవచ్చు. ప్రకృతిలో దీనికి విరుగుడు ఉన్నది. ఒక రకం సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైటుగా, మరో రకం దానిని అంతగా హాని చేయని నైట్రేటుగా మారుస్తాయి. ఇవి ఫిల్టర్ స్పాంజిలో, అడుగున ఉన్న గులకరాళ్ల మీద కాపురం ఉంటాయి. కొత్త తొట్టిలో ఇవి కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది.

పాలకు తోడు వేస్తేనే పెరుగవుతుంది. తొట్టికీ అంతే. చేపలు ఆరోగ్యంగా ఉన్న పాత తొట్టి నుంచి కొంచెం స్పాంజి, గుప్పెడు గులకరాళ్లు తెచ్చి వేస్తే కొత్త తొట్టి త్వరగా కుదురుతుంది. పైన చెప్పిన యువకుడు తొట్టిని తళతళలాడేలా తోమి ఆ తోడును కడిగి పారబోశాడు. దానిపైన క్లోరిన్ నీళ్లు నింపాడు. ఇక చేపలు బతికే దారేది?

వారానికి ఒకసారి నాలుగో వంతు నీళ్లు మాత్రమే తీసి, నిలవ ఉంచిన నీళ్లు పోయాలి. మొత్తం ఎప్పుడూ మార్చకూడదు. స్పాంజిని నల్లా కింద కాక, తొట్టి నుంచి తీసిన నీళ్లలోనే పిండాలి. మేత రెండు మూడు నిమిషాల్లో తినేంత వేస్తే చాలు. ఒక రోజు మేత లేకపోతే చేప చావదు, మేత ఎక్కువైతే చస్తుంది.

ఎన్ని చేపలు పట్టును?

ఘనపు అడుగుకు సుమారు 28 లీటర్లు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో 56 లీటర్లు పట్టాలి. రాళ్లు వేసి, పైన కాస్త ఖాళీ వదిలితే 50 లీటర్లు అనుకోవచ్చు. అందులో చిన్న గోల్డ్‌ఫిష్ రెండు చాలు. గోల్డ్‌ఫిష్ జానెడు వరకు పెరిగే చేప. సరిగా చూస్తే పదేళ్లకు పైగా బతుకుతుంది. దానిని గుండ్రని గాజు గిన్నెలో వేసి టీవీ పక్కన పెట్టడమంటే నలుగురు మనుషులను బీరువాలో పెట్టి తలుపు వేయడమే. చిన్న తొట్టే కావాలంటే గప్పీలు నయం.

లక్షణాలు ఇవీ

నీళ్లు బాగున్నా జబ్బు వస్తే చేప ఒంటిని, నడతను జాగ్రత్తగా గమనించాలి.

ఒంటి మీద, రెక్కల మీద ఉప్మా రవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలు కనిపించి, చేప రాళ్లకు ఒళ్లు రాసుకుంటుంటే అది తెల్ల మచ్చల జబ్బు. చలికాలంలో నీళ్లు హఠాత్తుగా చల్లబడినప్పుడు, కొత్త చేపలు తెచ్చినప్పుడు ఎక్కువగా వస్తుంది. దీనిని కలిగించే పరాన్నజీవి చేప చర్మం లోపల ఉన్నంతసేపు ఏ మందూ దానిని తాకదు. అది ముదిరి అడుగుకు రాలి, వందల పిల్లలుగా చీలి, అవి ఈదుకుంటూ మరో చేపను వెతికే సమయంలోనే చస్తుంది. అందుకే మచ్చలు పోయాయని రెండో రోజే వైద్యం ఆపితే జబ్బు రెట్టింపై తిరిగి వస్తుంది. పది రోజుల నుంచి రెండు వారాలు ఓపిక పట్టాలి.

రెక్కల అంచులు తెల్లబడి, చిరిగిన గుడ్డలా పీలికలైతే రెక్కలు కుళ్లే జబ్బు. మురికి నీళ్లే దీనికి మూలం. మొదటి దశలో రోజు విడిచి రోజు కొంత నీళ్లు మార్చితేనే చాలా వరకు తగ్గుతుంది.

దెబ్బ తగిలిన చోట దూది అంటుకున్నట్టుంటే బూజు.

పల్చటి, బిళ్లలాంటి పురుగు ఒంటిపై పాకుతుంటే అది చేప పేను. చేపల చెరువుల రైతులకు ఇది పాత శత్రువే. చిమటాతో మెల్లగా తీసేయవచ్చు.

కడుపు ఉబ్బి, పొలుసులు నిక్కబొడుచుకుంటే లోపలి అవయవాలు దెబ్బతిన్నట్టు. ఇది కోలుకోవడం అరుదు. ఆ చేపను వెంటనే వేరు చేయడమే మిగతావాటికి రక్ష.

ఉప్పు, తూకం

తెల్ల మచ్చలకు పేదవాడి మందు కల్లుప్పు. లీటరుకు 2 గ్రాముల చొప్పున 50 లీటర్లకు 100 గ్రాములు తూచి, విడిగా నీళ్లలో కరిగించి, రెండు రోజుల్లో నాలుగు విడతలుగా పోయాలి. ఉప్పు ఆవిరైపోదు. కనుక నాలుగో వంతు నీళ్లు మార్చినప్పుడు ఆ వంతుకు సరిపడా 25 గ్రాములే మళ్లీ కలపాలి. తొట్టిలో మొక్కలుంటే అవి పాడవుతాయి. పొలుసులు లేని జెల్ల జాతి చేపలు ఉప్పుకు తాళలేవు. కనుక జబ్బు చేపలను వేరే టబ్బులోకి మార్చి చికిత్స చేయడం ఉత్తమం. దానిలో గాలి పంపు ఆగకూడదు.

మనుషుల టెట్రాసైక్లిన్ గొట్టాలు విప్పి తొట్టిలో పోసే అలవాటు కొందరిలో కద్దు. ఇది మానుకోవాలి. ఆ మందు నీళ్లలోని మంచి సూక్ష్మజీవులను చంపుతుంది, చెడ్డవాటిని మొండివాటిగా తయారు చేస్తుంది. మాలకైట్ గ్రీన్ వంటి రంగు మందులను తినే చేపల దగ్గరకు రానివ్వనే కూడదు.

దోమల మందు, పురుగుల మందు

ఈ విలేఖరి ఇంట్లో ఒక రాత్రి దోమల కోసం గదిలో మందు కొట్టి తలుపులు వేస్తే, తెల్లవారేసరికి నాలుగు గప్పీలు వెల్లకిలా తేలాయి. తప్పు ఈ విలేఖరిదే. దోమల బిళ్లలు, ద్రవాలు, స్ప్రేలలో సాధారణంగా ఉండే పైరెత్రాయిడ్ మందులు చేపలకు బహు ప్రమాదకరం. గాలి పంపు గదిలోని గాలినే పీల్చి నీళ్లలోకి పంపుతుంది. పత్తి మీద కొట్టే సైపర్‌మెత్రిన్ కూడా ఆ కుటుంబానిదే. మందు కలిపిన బకెట్‌ను ఎంత కడిగినా చేపల నీళ్లకు వాడరాదు. చేను నుంచి వచ్చిన చేతులు సబ్బుతో కడగకుండా తొట్టిలో పెట్టరాదు. చేతికి పుండు ఉన్నప్పుడు కూడా తొట్టిలో చేయి పెట్టకండి. చేపల నుంచి మనిషి చర్మానికి సోకే మొండి పుండు ఒకటి ఉన్నది.

కొత్త చేపలను నేరుగా పాత వాటితో కలపకూడదు. సంచిని పావుగంట నీళ్లపై తేలనిచ్చి, చేపలను మాత్రమే వేరే టబ్బులోకి తీసి, దుకాణం నీళ్లు బయట పారబోయాలి. రెండు మూడు వారాలు చూసి, జబ్బు లేదని తేలాకే తొట్టిలో కలపాలి.

చెరువులో వదలకండి

ఇక అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. చేపలు జబ్బు పడితేనో, పెంచలేకపోతేనో "పాపం, బతకనీ" అని తీసుకెళ్లి చెరువులోనో బావిలోనో వదిలేవారున్నారు. అది పుణ్యం కాదు. గోల్డ్‌ఫిష్ మన బొచ్చె, రవ్వ, బంగారు తీగల కుటుంబానికి చెందినదే. దాని పేను, దాని మచ్చలు వీటికీ అంటుతాయి. 1988లో మన దేశానికి వచ్చిన ఎర్రపుండ్ల జబ్బు పొరుగు దేశాలు దాటి, నీళ్ల వెంట, చేపల వెంట రాష్ట్రం నుంచి రాష్ట్రానికి పాకి, కొర్రమట్టలను తుడిచిపెట్టిన సంగతి మత్స్యకారులు ఎరుగుదురు.

తొట్టిలో నాచు తింటుందని కొనే ముళ్ల చర్మపు సక్కర్ చేప మరో ముప్పు. డెవిల్ ఫిష్ అని పేరు పడిన ఈ చేప చెరువుల్లోకి చేరి, ఇతర చేపల మేతకు పోటీ వస్తూ, వలలు చింపుతున్నదని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మత్స్యకారులు మొత్తుకుంటున్నారు. 2016లో మొదలైన ఉచిత చేపపిల్లల పథకం కింద సర్కారు పిల్లలు వదిలిన చెరువులు మనవి. ఎన్నో ముదిరాజ్, గంగపుత్ర, బెస్త కుటుంబాలకు అవే పొలాలు. ఒక పిల్లవాడి ముచ్చట కోసం తెచ్చిన చేప అంతమంది కూటికి ఎసరు పెట్టకూడదు.

పెంచలేనివారు చేపలను మరో పెంపకందారుకో దుకాణానికో ఇవ్వాలి. చచ్చిన చేపను కాలువలో వేయక గుంట తీసి పూడ్చాలి. చెరువులో చేపలకు పుండ్లు, మచ్చలు కనిపిస్తే ఆలస్యం చేయక జిల్లా మత్స్యశాఖ అధికారులకు తెలపాలి. మన జిల్లా రాజేంద్రనగర్‌లోనే చేప ఆకారంలో కట్టిన భవనంలో జాతీయ మత్స్య అభివృద్ధి మండలి ఉన్నది.

వారం తర్వాత చంపాపేట్ వెళ్లినప్పుడు ఆ యువకుడు మళ్లీ కనిపించాడు. చేతిలో పాత తొట్టి స్పాంజి ముక్క, సంచిలో రెండే రెండు చేపలు. "ఈపారి బకెట్ల నీళ్లు నిన్ననే పట్టి పెట్టిన అన్నా" అన్నాడు. చేపకు నోరు లేదు. దాని బాధ నీళ్లే చెప్పాలి, ఆ నీళ్లను మనమే చూసుకోవాలి.