ప్రళయకావేరికి బండి మీద ఒక రోజు

ప్రళయకావేరి అని అడిగితే పొన్నేరి బస్టాండులో కుర్ర కండక్టరు తెల్లమొహం వేస్తాడు. పళవేర్కాడు అనండి, వెంటనే చెయ్యి చూపిస్తాడు. పులికాట్ అంటే చెన్నై నుంచి వచ్చిన టూరిస్టులు అనుకుంటాడు. మూడూ ఒక ఊరి పేర్లే. తడ, సూళ్లూరుపేట వైపు పెద్దవాళ్ల నోట మాత్రం ఇంకా ఆ మొదటి పేరే వినిపిస్తుంది. పళవేర్కాడు, ప్రళయకావేరి అని పక్కపక్కనే నాలుగుసార్లు పలికి చూడండి. ఒకే మాట రెండు నాలుకల మీద నలిగినట్టు ఉండదూ!

చెన్నైకి ఉత్తరాన సుమారు 60 కిలోమీటర్ల దూరం. మోటారు సైకిలుకి ఇంతకన్నా మంచి ఆదివారం ప్రయాణం ఈ చుట్టుపక్కల లేదు. తెల్లవారకముందే బయలుదేరితే రెడ్‌హిల్స్ దాటేసరికి లారీల రద్దీ ఇంకా మొదలవదు. కారనోడై దగ్గర కొసస్తలై నది వంతెన దాటి, తచ్చూరు కూడలిలో కుడిపక్కకు తిరిగితే పొన్నేరి. అక్కడే పెట్రోలు పోయించుకుని, ఇడ్లీలు తినేసి, ఆరణి నది దాటండి. పిచ్చాటూరు మీదుగా మన ఆంధ్ర నేల తడిపి వచ్చిన ఏరే ఇది. ఇక్కడ నుంచి ఇంకొంచెం దూరం పారి ప్రళయకావేరి సరస్సులో కలుస్తుంది. మనమూ దాని వెంటే పోతున్నామన్నమాట. దారికి రెండువైపులా వరి పొలాలు, మధ్యమధ్య రొయ్యల గుంటలు. గాలిలో ఉప్పు తగలడం మొదలైందంటే ఊరు వచ్చేసినట్టే.

పొద్దున్నే చేరుకోవడంలో లాభం ఉంది. రాత్రంతా సరస్సులో ఉన్న పడవలు ఒడ్డుకు చేరే వేళ అది. రొయ్యలు, ఎండ్రకాయలు, మడవ చేపలు గంపల్లోకి దిగుతుంటాయి. వేలం పాట తమిళంలోనే జరుగుతుంది. అయినా మీరు ఫోనులో ఇంట్లోవాళ్లతో నాలుగు తెలుగు ముక్కలు మాట్లాడి చూడండి. పక్కనుంచి ఎవరో ఒకరు "యాడ నించి వస్తండారన్నా?" అని పలకరించకపోతే అడగండి.

సరస్సులో ఎవరు పడితే వాళ్లు, ఎక్కడ పడితే అక్కడ వల వెయ్యడానికి లేదు. 'పాడు' అని ఒక పద్ధతి తరతరాలుగా నడుస్తోంది. చేపలు బాగా పడే చోట్లను గుర్తించి, చీట్లు వేసి, వంతులవారీగా పంచుకుంటారు. ఈ రోజు మంచి చోటు దొరికినవాడికి రేపు అది దొరకదు. తగాదాలు లేవని కాదు, వాటిని తీర్చుకునే దారి ఒకటి ఉందని.

రాళ్ల మీద డచ్చి అక్షరాలు

బజారు వీధిలోనే డచ్చివాళ్ల శ్మశానం. గేటుకు తాళం కనిపిస్తే చుట్టుపక్కల కాపలా మనిషిని అడగండి. గుమ్మానికి రెండువైపులా రాతిలో చెక్కిన అస్థిపంజరాలు మనల్ని పలకరిస్తాయి. పిల్లల్ని తీసుకెళ్తే ముందే చెప్పి తీసుకెళ్లండి. లోపల 17, 18 శతాబ్దాల సమాధులు. నిలువెత్తు రాతి పలకల మీద వంశ చిహ్నాలు, పూలతీగలు, చుట్టూ డచ్చి భాషలో పేర్లు, తేదీలు. నిన్న చెక్కినట్టు లోతుగా ఉన్నాయి కొన్ని అక్షరాలు. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది కాబట్టి ఆ మాత్రమైనా మిగిలింది.

ఇంతమంది విదేశీయులు ఇక్కడికెందుకు వచ్చి చచ్చిపోయారు? బట్ట కోసం. మిరియాలు, జాజికాయలు దొరికే తూర్పు దీవుల్లో డబ్బు కన్నా మన నేతబట్టకే గిరాకీ ఎక్కువ. ఆ బట్ట ఈ రేవు నుంచి ఓడలెక్కేది. చంద్రగిరి, వేలూరు కేంద్రాలుగా ఏలిన విజయనగర రాజు రెండో వెంకటపతి రాయలు 1610లో డచ్చివాళ్లకు ఇక్కడ వ్యాపారానికి అనుమతి ఇచ్చాడు. 1613లో వాళ్ల గెల్డ్రియా కోట లేచింది. 1690లో నాగపట్నానికి మారేదాకా కోరమాండల్ తీరంలో డచ్చివాళ్ల రాజధాని ఇదే. మందుగుండు తయారు చేశారు, నాణేలు ముద్రించారు. వాళ్లకు సరుకు సమకూర్చి, నాయక రాజులతో బేరాలు కుదిర్చినవాళ్లలో ముఖ్యులు అచ్యుతప్ప చెట్టి, ఆయన తమ్ముడు చిన్నన్న చెట్టి. తెలుగు బలిజ వర్తకులు. సొంత ఓడలు నడిపారు. సముద్రం దాటి వ్యాపారం తెలుగువాడికి చేతకాదనే పెద్దమనుషులు ఒకసారి ఈ ఇసుకలో నిలబడి ఆలోచిస్తే బాగుంటుంది.

ఆ బట్ట పేరు ఇంకా బతికే ఉంది. మలేసియాలో మగవాళ్లు కట్టే గళ్ల లుంగీని 'కయిన్ పెలికాట్' అంటారు. పెలికాట్ అంటే మన పులికాటే.

ఓడలెక్కింది బట్ట ఒక్కటే కాదు. 17వ శతాబ్దంలో కరువులు, యుద్ధాలు వచ్చినప్పుడల్లా తిండిలేక అమ్ముడుపోయిన మనుషుల్ని డచ్చివాళ్లు ఇక్కడి నుంచే బానిసలుగా బటావియాకు, అంటే ఇప్పటి జకార్తాకు తోలారు. కోరమాండల్ పల్లెల జనం. వాళ్లకు సమాధి రాళ్లు లేవు. శ్మశానంలో చెక్కడాలు చూసి మురిసిపోయేటప్పుడు ఈ సంగతి కూడా తెలిసి ఉండాలి.

కోట కోసం వెతక్కండి. చుట్టూ కందకం ఆనవాలు, మధ్యలో ముళ్ల కంపలతో నిండిన దిబ్బ, అంతే. పులికాటులో డచ్చివాళ్లతో పొసగక ఇంగ్లీషువాళ్లు 1626లో ఉత్తరంగా దుగరాజపట్నం వెళ్లి కొట్టు పెట్టుకున్నారు. అక్కడా కుదరక 1639లో దామెర్ల నాయకుల దగ్గర దక్షిణాన ఒక ఇసుక మేట పుచ్చుకున్నారు. ఆ మేటే చెన్నపట్నం. పులికాటు చేతులు చాచి రమ్మని ఉంటే, ఇవాళ మనం చెన్నై నుంచి బండి తీసేవాళ్లమే కాదేమో.

ఎండ ముదిరాక ఆదినారాయణ పెరుమాళ్ గుడి చూడండి. ఎర్రటి చిట్రాతితో కట్టిన విజయనగర కాలపు గుడి. రాతి మీద అరచేతి అంత బొమ్మల్లో రామాయణం చెక్కారు. తొందరపడితే కనబడవు, మెడ నొప్పి పుట్టేదాకా చూడాలి. ముస్లిం వీధుల్లో పాత మసీదులు, నమాజు వేళలు చూసుకోవడానికి వాడిన నీడ గడియారం ఉన్నాయి. ఆ ఇళ్లలో ఆడవాళ్లు రంగుల తాటాకుతో పెట్టెలు, బుట్టలు అల్లుతారు. బేరం ఆడకుండా కొనండి. బుడతకీచులు, అంటే పోర్చుగీసులు 1515లో కట్టారని చెప్పే మహిమ మాత చర్చి కూడా ఉంది కానీ ఇప్పుడున్నది కొత్త కట్టడం.

నీళ్లు మాత్రం ఒడ్డు నుంచే

మధ్యాహ్నం భోంచేసి సరస్సు గట్టుకు వెళ్తే, పడవలో తిప్పుతామని ఎవరైనా పిలవవచ్చు. ఎక్కకండి. 2011 డిసెంబరు 25న, క్రిస్మస్ రోజున, విహారానికి వెళ్లిన పడవ బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు. పిల్లలు కూడా ఉన్నారు. ఆ తర్వాత అధికారులు విహార పడవలను నిషేధించారు. సరస్సు లోతు చాలాచోట్ల నడుము దాటదు, నిజమే. కానీ సముద్రంలో కలిసే మొగ దగ్గర ప్రవాహం తీరే వేరు.

ఆ మొగే ఊరికి ప్రాణం. ఇసుక మేట వేసి అది పూడుకుపోతే సముద్రపు పోటు లోపలికి రాదు. ఉప్పు తూకం తప్పుతుంది, రొయ్య పిల్ల రాదు, పడవ బయటికి పోదు. పూడినప్పుడల్లా తవ్వాలి, తవ్విందల్లా మళ్లీ పూడుతుంది. టీ కొట్లో కూర్చుంటే సినిమా కబుర్లకన్నా ఈ మాటలే ఎక్కువ వినపడతాయి. చిల్కా తర్వాత దేశంలో ఇదే పెద్ద ఉప్పునీటి సరస్సు మరి. ఎక్కువ భాగం ఆంధ్రలో ఉంది, మొగ మాత్రం ఇక్కడ తమిళనాడులో ఉంది. గీత మనుషులది, నీళ్లకు తెలియదు.

ఫ్లెమింగోలకూ తెలియదు. శీతాకాలంలో ఇక్కడా దిగుతాయి గానీ, బాగా చూడాలంటే సూళ్లూరుపేట నుంచి సరస్సు మీదుగా శ్రీహరికోట వెళ్లే రోడ్డు మేలు. అది ఇంకో ఆదివారం పని.

పేరు ఎవరు రాస్తారు?

1960 ఏప్రిల్ 1న సరిహద్దులు సర్దినప్పుడు సత్యవేడు అటు పోయింది, పొన్నేరి ఇటు ఉండిపోయింది. చుట్టాలు మాత్రం రెండుపక్కలా ఉన్నారు. ఇక్కడి పల్లెల్లో తెలుగు ఇంటిభాషగా నిలిచింది, బడిలో పలచబడింది. 2006లో తమిళం తప్పనిసరి చేసే చట్టం వచ్చాక ఇంకా పలచబడింది. తమిళం నేర్చుకోవడం మంచిదే, ఇక్కడ బతికేవాడికి అవసరం కూడా. నాయనమ్మ ప్రళయకావేరి అంటే మనవడికి అర్థమవుతుంది, రాయమంటే రాయలేడు. చిక్కంతా అక్కడే ఉంది. స.వెం.రమేశ్ 'ప్రళయకావేరి కథలు' ఆ దీవుల తెలుగును, తిండిని, ఆటలను ఆ యాసలోనే కాగితం మీద పెట్టాయి. వెళ్లేముందు చదివితే ఊరు వేరేగా కనబడుతుంది. బండి సంచిలో పెట్టుకెళ్లి, టీ కొట్లో ఎవరైనా తెలుగు కుర్రాడు కనబడితే ఒక పేజీ బయటికి చదివి వినిపించండి. ఎన్ని మాటలు తనవని గుర్తుపడతాడో మీరే చూస్తారు.

సాయంత్రం వంతెన దాటి లైట్‌హౌస్ కుప్పం వైపు పోవచ్చు. ఒక పక్క సరస్సు, ఇంకో పక్క సముద్రం. ఇసుకలోకి బండి దించకండి, సైడు స్టాండు కూరుకుపోతుంది. స్నానానికి దిగే సముద్రం కాదిది. పొద్దు వాలకముందే తిరుగు ముఖం పడితే మంచిది. పొన్నేరి దాకా రోడ్డు మీద దీపాలు తక్కువ, గేదెలు ఎక్కువ. ఇంటికి చేరగానే గొలుసు, చక్రాలు మంచినీళ్లతో కడిగి నూనె పెట్టండి, ఉప్పుగాలికి రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది. సూళ్లూరుపేట, తడ వైపు నుంచి వచ్చేవాళ్లు గుమ్మిడిపూండి, కవరైపేట మీదుగా పొన్నేరి చేరుకోవచ్చు. బండి లేనివాళ్లకు గుమ్మిడిపూండి లోకల్ రైల్లో పొన్నేరి దాకా, అక్కడి నుంచి బస్సు. ఎక్కేటప్పుడు కండక్టరుతో ప్రళయకావేరికి ఒక టిక్కెట్టు అనే అడగండి.