గుఱ్ఱమునకు పిడుదుల బెడద

హైదరాబాదునకు ఉత్తరమున బౌరంపేట, మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములలో ఎద్దులు, గేదెలు పరిచితములే గాని గుఱ్ఱము అరుదు. పెండ్లి ఊరేగింపులకో, స్వారికో గుఱ్ఱమును పోషించువారు దానిని పశువుల కొట్టములోనే కట్టివేయుట సులభమని తలంతురు. పిడుదుల బెడదకు అదియే దారి. గోమారులని కూడ పిలువబడు ఈ జీవులలో పలు జాతులు పశువునకు, గుఱ్ఱమునకు భేదమెంచవు.

ఆడ పిడుదు నెత్తురు త్రాగి, ఉబ్బి, నేలరాలి, గోడల నెఱ్ఱెలలోను గడ్డి మొదళ్ళలోను వేలకొలది గ్రుడ్లు పెట్టును. కావున గుఱ్ఱముపై మనకు కనబడునవి కొన్నియే. తక్కినవి దాని పరిసరములలో దాగియుండును.

ఏ గుఱ్ఱమునకు ముప్పు హెచ్చు? పశువులతో కలిసి మేయుదానికి, పొదలు పెరిగిన బీళ్ళలో తిరుగుదానికి, బీటలు వారిన గోడల నడుమ నుండుదానికి, ప్రతిదినము మాలీసు లేనిదానికి. వానకాలపు ఉక్క పిడుదుల పెంపునకు అనుకూలము. క్రొత్తగా కొన్న గుఱ్ఱమును పరీక్షింపక మందలో చేర్చుట మరియొక కారణము.

నెత్తురు నష్టము కంటె రోగము భయంకరము. పశువుల జ్వరమును పిడుదులే వ్యాపింపజేయునని 1893లో అమెరికాలో స్మిత్, కిల్బోర్న్ అను శాస్త్రజ్ఞులు నిరూపించిరి. నాలుగేండ్లకు, 1897లో, మన సికింద్రాబాదులోనే రోనాల్డ్ రాస్ దోమలో మలేరియా క్రిమిని కనుగొనెను. గుఱ్ఱములలో థైలేరియా ఈక్వై, బబీసియా కాబల్లై అను క్రిములు పిడుదుల వలన ప్రవేశించి నెత్తుటి ఎఱ్ఱకణములను నశింపజేయును. జ్వరము, మేత మానుట, చిగుళ్ళు పాలిపోవుట లేక పచ్చబడుట, మూత్రము ఎఱ్ఱబారుట వీని లక్షణములు. కోలుకొన్న గుఱ్ఱము సైతము క్రిమిని చిరకాలము మోయవచ్చును.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయుచున్నాము. పశువులపై చల్లు అమిట్రాజ్ మందును గుఱ్ఱమునకు ఎన్నడును వాడరాదు. అది ప్రేగుల కదలికను స్తంభింపజేసి, ప్రాణాంతకమగు కడుపుశూలను కలిగింపగలదు. ఒకే కొట్టములో రెండింటిని కట్టిన చోట, మిగిలిన మందు గుఱ్ఱముపై చల్లుట సులభముగా జరుగు పొరపాటు. పశువైద్యుడు చెప్పిన మందునే, చెప్పిన మోతాదులోనే వాడవలెను.

చెవులు, జూలు, తోకమొదలు, తొడల సందులు దినదినము తడిమి చూడవలెను. పిడుదును చిమటాతో చర్మమునకు ఆనించి పట్టి, తిన్నగా లాగి, స్పిరిటులో వేయవలెను. వ్రేళ్ళతో నలుపరాదు. 2011లో గుజరాత్‌లో నిర్ధారింపబడిన క్రిమియన్ కాంగో జ్వరము పిడుదుల ద్వారా మనుష్యులకును సోకునదే.

గోడల నెఱ్ఱెలు పూడ్చుడు, గడ్డి కోయుడు, పేడను దూరముగా వేయుడు. క్రొత్త గుఱ్ఱమును కొన్ని వారములు వేరుగా కట్టుడు. జ్వరము కనబడిననాడే పశువైద్యశాలకు కబురంపుడు. నెత్తుటి పరీక్ష ఆలస్యమైనకొలది గుఱ్ఱము బ్రతుకు ఆశ సన్నగిల్లును.