కండర శోథ వ్యాధులు – ఊపిరితిత్తులు

దేహమును రక్షింపవలసిన నిరోధకశక్తి పొరపాటున స్వీయకండరములపైననే తిరుగబడుటచే కలుగు తాపమునకు కండర శోథమని పేరు. పాలీమయోసైటిస్, డెర్మటోమయోసైటిస్ మున్నగునవి ఈ కోవకు చెందినవి. ఇవి అరుదైన వ్యాధులే. అయినను ఊపిరితిత్తుల వాయుకోశముల నడుమనుండు పొరకు గూడ శోథము సోకినచో ప్రాణాపాయము కలుగవచ్చును. ఒక అవయవమును మాత్రమే చూచి రెండవదానిని విస్మరించుట ఇందు ముఖ్యమైన ప్రమాదము.

కండరముల బలహీనత ప్రాయికముగా తొడలయందును, భుజములయందును కనబడును. పీట మీదినుండి లేచుట, మెట్లెక్కుట, తల దువ్వుకొనుట కష్టమగును. ఊపిరితిత్తులు చెడినపుడు పొడిదగ్గును, నడచునపుడు ఆయాసమును కలుగును. అయితే ఈ క్రమము నియతము కాదు. కొందరికి దగ్గే ముందుగా వచ్చును. బలహీనత నెలల తరువాత రావచ్చును, అసలు రాకపోవచ్చును. అట్టివారి వ్యాధిని క్షయ యనియో, ఉబ్బస మనియో భ్రమించుట కవకాశము గలదు.

అప్పుడు రోగి చేతులను పరిశీలింపవలెను. వ్రేళ్ళ అంచులు మొరటై పగులుట, కణుపులపై పొక్కులు, చలికి వ్రేళ్ళు పాలిపోవుట, కనురెప్పలపై ఊదారంగు – ఇవి విలువైన సూచనలు. నల్లని మేనిపై ఈ ఎరుపు, ఊదా వర్ణములు కేవలము నల్లదనముగనే తోచవచ్చును.

రక్తమున క్రియాటిన్ కైనేజ్ సాధారణముగా పెరుగును. జో-1 అను యాంటీబాడీ కండర, శ్వాసకోశ వ్యాధులను రెంటిని కలుపు సూచిక. అది మాంసకృత్తుల నిర్మాణమునకు తోడ్పడు ఒక ఎంజైమునకు విరుద్ధమైనదని 1983లో తేలినది. 2005లో జపాను పరిశోధకులు వెల్లడించిన, నేడు ఎం.డి.ఎ.-5 అని వ్యవహరింపబడు యాంటీబాడీ గలవారిలో కండరబలము చెడకున్నను ఊపిరితిత్తులు వారములలోనే క్షీణింపవచ్చును. కావున కండరరోగి కెల్ల సి.టి. పరీక్షయు, శ్వాసశక్తి పరీక్షయు అవసరము. సి.టి. నిర్దోషముగా నున్నను, శ్వాసకండరముల దౌర్బల్యమువలన ఆయాసము కలుగవచ్చును.

చికిత్సకు ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్లు ఆధారము. వానికి మైకోఫినోలేట్, అజాథయోప్రిన్, టాక్రోలిమస్ వంటివానిలో నొకటి చేర్తురు. తీవ్రస్థితిలో రిటుక్సిమాబ్, సైక్లోఫాస్ఫమైడ్ వాడుదురు. ఇవి నిరోధకశక్తిని తగ్గించును గనుక ముందుగా క్షయ, హెపటైటిస్-బి ఉన్నవేమో చూడవలెను. కొంత గుణము కనబడగనే స్టెరాయిడును హఠాత్తుగా మానుట అపాయకరము. వైద్యుని పర్యవేక్షణలో చేయు మితవ్యాయామము బలమును పెంచును.

తొడలు బలహీనమైనవాని దగ్గును, దగ్గు విడువనివాని చేతులను ఉపేక్షింపకుండుటయే ఈ వ్యాధిని సకాలమున గుర్తించుటకు మార్గము.