పెనుకొండ సీమలో బసివి ఆచారము, వేశ్యావృత్తి – ధర్మశాస్త్ర, రాజశాసన విచారము

ఘనగిరి యను నామాంతరము గల పెనుకొండ, 1565 నాటి రాక్షసి–తంగడి యుద్ధానంతరము విజయనగర సామ్రాజ్యమునకు రాజధాని యైనది. దానికి దక్షిణమున హిందూపురము, ఉత్తరమున ధర్మవరము కలవు. ఈ సీమ 1800లో నిజాము నుండి ఈస్టిండియా కంపెనీకి సంక్రమించి దత్తమండలములలో చేరినది. 1882 వరకు బళ్ళారి జిల్లాలోను, పిదప అనంతపురము జిల్లాలోను ఉండి, 2022 ఏప్రిల్ నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో అంతర్భూతమైనది. ప్రభుత్వములు మారినను ఈ సీమలో చిరకాలము నిలిచిన ఆచార మొకటి కలదు. అదియే బసివి ఆచారము. కొన్ని కుటుంబములవారు కుమార్తెను దేవుని పేర తాళి కట్టించి, వివాహము చేయక పుట్టినింటనే నిలుపుదురు. ఆ ఆచారమునకు ధర్మశాస్త్రము ఆధారమని కొందరందురు. వేశ్యావృత్తియే శాస్త్రసమ్మతమని మరికొందరు, శాస్త్రము వేశ్యను మనుష్యురాలిగనే చూడలేదని ఇంకొందరు వాదింతురు. ఈ మూడు వాదములను పరీక్షించుటయు, రాజశాసనములు వానినెట్లు స్వీకరించెనో, ఎట్లు నిరాకరించెనో నిరూపించుటయు ఈ వ్యాసమునకు ప్రయోజనము.

మొదట పదార్థ వివేకము కావలెను. లోకమున ఒకే మాటతో పిలువబడువారిలో మూడు తెగలు కలవు. వెల గైకొని జీవించు వేశ్య ఒకతె. ఆలయమున నృత్యగీతముల సేవకు నియుక్తురాలై మాన్యము ననుభవించిన సాని లేక భోగస్త్రీ రెండవది. కృషీవల, శ్రామిక కులములలో పుట్టి, ఆలయ సేవ గాని నాట్యవిద్య గాని లేకయే దేవుని కంకితమైన బసివి మూడవది. హిందూపుర సమీపమున లేపాక్షి నాట్యమండపమున రంభాది శిల్పములను చూచినవారు నర్తకిని, బసివిని ఒక్కటిగా భావించుట కలదు. ఆ భ్రాంతి వలన శాసన విషయమునను చిక్కులు గలిగినవి.

అర్థశాస్త్రమున రెండవ అధికరణములో గణికాధ్యక్ష ప్రకరణ మొకటి కలదు. గణికకు వేయి పణములు మూలధనముగ నిచ్చి రాజు నియమించును. ఆమె దాస్యవిముక్తికి నిష్క్రయము 24,000 పణములు. స్వతంత్రముగ జీవించు రూపాజీవ ఒకనాటి భోగమునకు రెట్టింపు ధనమును నెలకు పన్నుగ చెల్లింపవలెను. భోగకాలము గడచిన గణికాదాసికి కోష్ఠాగారమునగాని, మహానసమునగాని పని చూపవలెను. ఇష్టపడని స్త్రీపై సాహసము చేసినవానికి ఉత్తమ సాహస దండము. ఈ నియమములలో దయకంటె రాజ్యపు ఆదాయచింతయే అధికమని అంగీకరింపవలసినదే. ఐనను ఆమె దేహము ఎవ్వడైనను యథేచ్ఛముగ స్వీకరింపదగిన వస్తువని అందెచ్చటను లేదు.

స్మృతులలోను ఇట్టి ద్వైవిధ్యమే కనబడును. మనువు గణికాన్నమును నిషేధించెను. వేశ్యలను ప్రకాశకంటకులలో చేర్చెను. ఇది ఆచారకాండ దృష్టి, దండనీతి దృష్టి. వ్యవహారమునకు వచ్చునప్పటికి దృష్టి వేరు. వేతనము గైకొని నిరాకరించిన వేశ్య రెట్టింపు చెల్లింపవలెననియు, పురుషుని విషయమునను అట్లేయనియు యాజ్ఞవల్క్యుడు చెప్పెను. నారదుడు ఈ విషయమునే వేతన వ్యవహారపదమున చేర్చెను. అనగా నిందించిన శాస్త్రమే ఆమెను ఒడంబడికకు అర్హురాలైన వ్యక్తిగ గుర్తించినది. మితాక్షరాకారుడు స్కాందపురాణము ననుసరించి వేశ్యలను పంచచూడ యను అప్సరస సంతతియైన వేరొక జాతిగ పేర్కొనెను. ఆ యాజ్ఞవల్క్య వ్యవహారమును 13వ శతాబ్దిలో మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరీయముగ తెనిగించుటచే తెలుగువారికిని ఆ విచారము అందుబాటులోనికి వచ్చినది. కావున వృత్తి శాస్త్రమున ప్రశంసింపబడినదనుటయు, వృత్తి చేయు స్త్రీకి రక్షణయే లేదనుటయు రెండును సరికావు.

విజయనగర రాజ్యమున ఈ వృత్తి రాజాదాయ విషయమైనది. 1443లో రెండవ దేవరాయల కాలమున వచ్చిన అబ్దుల్ రజాక్, నగర రక్షకభటుల జీతములు వేశ్యావాటికల సుంకముతో చెల్లింపబడుచుండెనని వ్రాసెను. 1520 ప్రాంతమున వచ్చిన డొమింగో పేస్ ఆలయ సంబంధమైన స్త్రీల సంపదను, రాజగృహమున వారికి గల గౌరవమును వర్ణించెను. అది మహానగర వైభవము. గ్రామములందలి బసివికి ఆ సంపదయు లేదు, ఆ గౌరవమును లేదు.

బసివి ఆచార స్వరూపమును 19వ శతాబ్ది చివర పోలీసు శాఖలో నుండిన ఫ్రెడ్ ఫాసెట్ వివరముగ వ్రాసెను. 1909లో వెలువడిన థర్‌స్టన్ గ్రంథమునను దాని ప్రసక్తి కలదు. పుత్రులు లేని తండ్రి కుమార్తెను దేవుని కంకితము చేయును. ఆమె పుత్రునివలె దాయమును పొందును. తండ్రికి ఉత్తరక్రియలు చేయును. ఆమె సంతానము తండ్రి ఇంటిపేరునే వహించును. కొన్ని యెడల వ్యాధి నివారణకు, కరవు నివారణకు మ్రొక్కుకొని అంకితము చేయుటయు కలదు.

ఇచట పూర్వపక్షము ఇట్లుండును. అపుత్రకుడు కుమార్తెను పుత్రికగ నియమింపవచ్చునని మనువు, వసిష్ఠుడు మున్నగువారు చెప్పిరి. పుత్రికాసుతుడు ఔరసునితో సమానుడని యాజ్ఞవల్క్య మతము. బసివి అట్టి పుత్రికయే. దేవునికి కన్యను సమర్పించుట దానము. తరతరములుగ వచ్చుచున్నది గావున దేశాచార ప్రామాణ్యమును కలదు.

దీనికి సమాధానము మూడు విధములు. మొదటిది: పుత్రికాకరణమున కన్య వివాహముననే ఈయబడును. ఆమెకు భర్త కలడు. పుట్టువాడు మాత్రము మాతామహునికి పిండప్రదాత యగును. బసివికి వివాహమే లేదు. దాయము నొకటి చూపి, దానికి మూలమైన వివాహమును విడుచుట శాస్త్రమును సగము చదువుటయే యగును. పైగా కలివర్జ్య ప్రకరణమున ఔరసదత్తకులు తప్ప తక్కినవారిని పుత్రులుగ స్వీకరించుట నిషేధింపబడినది. కావున ఈ యుగమున పుత్రికావిధి నాశ్రయించుటకే అవకాశము లేదు.

రెండవది: దానవాదము నిలువదు. భార్యయు, సంతానమును దేయద్రవ్యములు కావని యాజ్ఞవల్క్యుడు దత్తాప్రదానిక ప్రకరణమున చెప్పెను. విశ్వజిద్యాగమున సర్వస్వము దానము చేయవలసి వచ్చినను, తనకు స్వామ్యము గల వస్తువునే ఈయవలెను గాని తలిదండ్రులను ఈయరాదని మీమాంసకుల నిర్ణయము. బంధుత్వము వేరు, స్వత్వము వేరు. కన్యాదానమున దాన శబ్దమున్నను అది భార్యాత్వ సంపాదకమైన సంస్కారమే; వస్తుదానము కాదు. అప్రాప్తవ్యవహారయైన బాలికను స్వజనులే అమ్మినను, తాకట్టు పెట్టినను దండమర్హులని కౌటిల్యుడు దాసకల్పమున విధించెను. శూద్రబాలుర విషయమున అది 12 పణములు, వర్ణక్రమమున హెచ్చును. అమ్ముటకు చెల్లని బిడ్డను అంకితము పేర ఇచ్చుట మాత్ర మెట్లు చెల్లును?

మూడవది: ఆచార ప్రామాణ్యము. హోలకాధికరణమున దేశాచారములకు ప్రామాణ్య మంగీకరింపబడినమాట నిజము. కాని లోభాది దృష్టహేతువు కనబడుచోట ఆ స్మృతికిగాని, ఆచారమునకుగాని ధర్మమూలత్వము లేదని అదే పాదమున జైమిని నిర్ణయము. బసివి ఆచారమున హేతువు స్పష్టము: భూమి యింటిని దాటిపోకుండుట, వృద్ధాప్యమున పోషణ, వివాహవ్యయ పరిహారము. కావున ఇది కుటుంబార్థమేర్పడిన ఏర్పాటే కాని ధర్మము కాదు. దాని భారము మాత్రము ఏమియు నెఱుగని బాలికపై పడినది.

ఇక రాజశాసనముల చరిత్ర. 1860 నాటి భారత శిక్షాస్మృతి 372, 373 పరిచ్ఛేదములు బాలికలను వేశ్యావృత్తికై అమ్ముటను, కొనుటను నేరములుగ చేసినవి. 1868 నాటి సాంక్రామిక వ్యాధుల శాసనము స్త్రీలను పట్టికలో నమోదు చేసి బలవంతముగ వైద్య పరీక్ష చేయించినది. అది సైనికుల ఆరోగ్యమునకే గాని స్త్రీల కొఱకు కాదు; 1888లో రద్దయినది. నర్తకీ కుటుంబములలో కుమార్తెను దత్తత గైకొను ఆచారమును బొంబాయి న్యాయస్థానము 1880లో త్రోసిపుచ్చగా, మదరాసు న్యాయస్థానము 1880ల చివర అంగీకరించెను. ఒకే ధర్మశాస్త్రము నాధారము చేసికొని రెండు న్యాయస్థానములు విరుద్ధ నిర్ణయములు చేయుట గమనింపదగినది.

హిందూపురము, మడకశిర ప్రాంతములు మైసూరు సంస్థానపు సరిహద్దున నుండినవి. మైసూరు ప్రభుత్వము 1909లోనే తన ముజరాయి ఆలయములందు దేవదాసీ సేవను మాన్పించెను. సరిహద్దుకు ఈవల మదరాసు రాజధానిలో డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి కృషి వలన 1929లో హిందూ దేవాదాయ శాసనము సవరింపబడి, మాన్యములు గల స్త్రీలకు సేవాబంధము తొలగి భూమి దక్కినది. 1947లో దేవదాసీ అంకిత నిరోధ శాసనము వచ్చినది. అంకితమును నిషేధించి, అంకితయైన స్త్రీ చేసికొనిన వివాహము చెల్లునని అది నిర్ణయించెను. అయితే పైన చెప్పిన పదార్థ వివేకము ఇచట పనికివచ్చును. మాన్యము గల సానికి 1929 శాసనము భూమి నిచ్చినది. బసివికి మాన్యమే లేదు గావున ఆ లాభమును లేదు. ఆలయ రికార్డులలో పేరు లేని ఆమెను సంస్కరణోద్యమము చాలకాలము చూడలేదు.

ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1988లో చేసిన దేవదాసీ అంకిత నిషేధ శాసనము ఆ లోపమును గుర్తించినది. ఏ పేరున పిలిచినను అంకితయైన ప్రతి స్త్రీయు దాని పరిధిలోనికి వచ్చును. బసివి, జోగిని, మాతమ్మ మున్నగు పేర్లను అది విడిగా పేర్కొనెను. అంకితము చేసినవారికి కారాగార దండము విధించి, తలిదండ్రులు, సంరక్షకులు, బంధువులైనచో దండమును హెచ్చించెను. స్వజనులే దండమర్హులన్న కౌటిల్య న్యాయమునకు ఇది సన్నిహితము. కాని నేరము ఇంటిలోపలనే జరుగును, చేయువారు తలిదండ్రులు, ఫిర్యాదు చేయవలసినది బాలిక. అందుచే శాసనము ఒక్కటియే చాలదు.

వేశ్యావృత్తి విషయమున దేశమంతటికి వర్తించునది 1956 నాటి శాసనము. 1986లో సవరింపబడి అనైతిక వ్యాపార నిరోధక శాసనమను పేరు పొందినది. దాని స్వరూపము సూక్ష్మముగ గ్రహింపవలెను. వయస్కురాలు స్వేచ్ఛచే ఏకాంతమున చేయు వృత్తిని అది నేరముగ పేర్కొనలేదు. వేశ్యాగృహమును నడపుట, ఆ సంపాదనపై బ్రదుకుట, స్త్రీని కుదిర్చి తెచ్చుట, నిర్బంధించుట నేరములు. ఆలయములు, విద్యాలయములు, వైద్యశాలలు మొదలగువానికి 200 మీటర్ల లోపల వృత్తి చేయుటయు, బహిరంగముగ పిలుచుటయు నేరములే. ఈ చివరి రెండింటి వలన, ఆచరణలో స్త్రీయే ముందుగ పట్టుబడుచున్నది; ఆమెను అమ్మినవాడు దూరముగ నుండును. 2022 మే 19న బుద్ధదేవ్ కర్మస్కర్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, స్వేచ్ఛగ ఈ వృత్తిలో నున్న వయస్కులను గృహములపై దాడులందు నిర్బంధింపరాదనియు, వారికి గౌరవముతో జీవించు హక్కు కలదనియు ఆదేశించెను. 2024 జులై 1 నుండి శిక్షాస్మృతి స్థానమున వచ్చిన భారతీయ న్యాయసంహిత 98, 99, 143 పరిచ్ఛేదములందు బిడ్డల అమ్మకము, కొనుగోలు, మనుష్యుల అక్రమ రవాణా నేరములుగ కొనసాగుచున్నవి.

ఈ విచారము గ్రంథమాత్రము కాదు. అనంతపురము, కడప జిల్లాల కరవు మండలముల నుండి పని యిప్పింతుమని స్త్రీలను ముంబయి, పుణె, ఢిల్లీ నగరములకు తరలించుట చిరకాలముగ జరుగుచున్నది. హిందూపురము, పెనుకొండ, ధర్మవరముల మీదుగ గుంతకల్లునకు పోవు రైలుమార్గము పట్టు నేతగాని సరకును, కూలివాని వలసను మోసినట్లే ఈ వ్యాపారమునకును దారి చూపినది. పూర్వము దేవుని పేర, నేడు ఉద్యోగము పేర ఇచ్చువాడు ఒకడు, గైకొనువాడు మరియొకడు. నడుమనున్న బాలికను అడిగినవా డెవ్వడును లేడు.

కావున సిద్ధాంత మిది. శాస్త్రము వేశ్యావృత్తిని పొగడలేదు. ఆ వృత్తిలో నున్న స్త్రీని వ్యవహారము నుండి వెలివేయను లేదు. బిడ్డపై తండ్రికి అమ్ముకొను స్వత్వమును సామాన్యముగ అంగీకరింపలేదు. అంకితమునకు పుత్రికావిధి గాని, దానవిధి గాని, ఆచార ప్రామాణ్యము గాని ఆధారము కాజాలవు. 1988 నాటి శాసనమును, 2022 నాటి తీర్పును పరమతము నుండి వచ్చిన నూతనములుగ శంకింప బనిలేదు. గ్రామమున ఎవరైన శాస్త్రము పేరు చెప్పి బాలిక మెడలో ఆ తాళి కట్టింపబూనినప్పుడు, శాస్త్రము చదివినవారే ముందుగ వచ్చి అది శాస్త్రము కాదని చెప్పవలసియున్నది.