క్లచ్ తొక్కితే కారు లోపల ఏం జరుగుతుంది? ఘాట్ రోడ్డు నేర్పిన పాఠం

కొత్త ఫోన్ వస్తే దాని ప్రాసెసర్ ఎన్ని నానోమీటర్లో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కానీ తిరుమల ఎక్కే ఘాట్ రోడ్డులో నా సెకండ్ హ్యాండ్ కారు లోంచి కాలిన వాసన వచ్చినప్పుడు మాత్రం నోరు పెగల్లేదు. ముందు బస్సు ఆగి ఆగి కదులుతోంది. వెనక సీట్లోంచి అమ్మ "ఏంట్రా ఆ వాసన?" అంది. బస్సుదే అనుకున్నా. ఇంకో రెండు మలుపులు దాటాక ఇంజిన్ గట్టిగా అరుస్తోంది, బండి మాత్రం కదలట్లేదు. దర్శనం టైమ్ దాటిపోతుందని అమ్మానాన్నల్ని వెనక వచ్చిన బస్సు ఎక్కించి, నేను కారు పక్కన నిలబడ్డా.

అసలు క్లచ్ ఎందుకు?

పెట్రోల్, డీజిల్ ఇంజిన్ ఒకసారి స్టార్ట్ అయ్యాక తిరుగుతూనే ఉండాలి. ఐడిల్‌లో కూడా నిమిషానికి దాదాపు 700 నుంచి 900 సార్లు తిరుగుతుంది, అంతకంటే బాగా తగ్గితే ఆగిపోతుంది. సిగ్నల్ దగ్గర చక్రాలేమో ఆగి ఉంటాయి. తిరిగేదాన్ని, ఆగి ఉన్నదాన్ని కుదుపు లేకుండా కలపాలి, గేర్ మార్చేటప్పుడు విడదీయాలి. ఆ పనే క్లచ్‌ది.

లోపల ఏముంది?

ఇంజిన్ చివర ఫ్లైవీల్ అనే బరువైన చక్రం ఉంటుంది. దానికి బోల్టులతో బిగించిన కవర్‌లో ప్రెషర్ ప్లేట్, డయాఫ్రమ్ స్ప్రింగ్ ఉంటాయి. ఫ్లైవీల్‌కీ ప్రెషర్ ప్లేట్‌కీ మధ్యలో ఉండేదే క్లచ్ ప్లేట్. దీనికి రెండు వైపులా బ్రేక్ లైనింగ్ లాంటి పొర ఉంటుంది, ఇది తిరిగితే గేర్‌బాక్స్ షాఫ్ట్ తిరుగుతుంది.

చాలామంది తికమకపడేది ఇక్కడే. మీ కాలు పెడల్ మీద లేనప్పుడే క్లచ్ కలిసి ఉంటుంది. పట్టు మొత్తం స్ప్రింగ్‌దే. పెడల్ తొక్కితే రిలీజ్ బేరింగ్ ఆ స్ప్రింగ్ మధ్యలో నొక్కుతుంది, ప్రెషర్ ప్లేట్ వెనక్కి జరుగుతుంది, క్లచ్ ప్లేట్ వదులవుతుంది.

హాఫ్ క్లచ్‌తో సమస్యేంటి?

సగం వదిలినప్పుడు ప్లేట్ జారుతూ పట్టుకుంటుంది. బండి మెల్లగా కదలాలంటే ఈ జారుడు కావాల్సిందే. కానీ జారినంతసేపూ ఇంజిన్ శక్తి వేడిగా మారి ఆ పొరను తినేస్తుంది. అరచేతులు రుద్దుకుంటే కాలినట్టే. నేను ఘాట్‌లో హ్యాండ్‌బ్రేక్ వాడకుండా, హాఫ్ క్లచ్‌తోనే కారును ఆపి పట్టుకున్నా. పైగా సిటీలో ఎప్పుడూ కాలు పెడల్ మీదే.

మెకానిక్ గేర్‌బాక్స్ దించి, రివెట్ల దాకా అరిగిపోయిన ప్లేట్ చేతిలో పెట్టి "ఇది ఫుట్‌రెస్ట్ కాదు తమ్ముడూ" అన్నాడు. బీటెక్ చదివానని ఆయనకి చెప్పలేదు.

గుర్తుపెట్టుకోండి

• ఎత్తు మీద ఆగితే బ్రేక్ మీదే ఆపండి.
• గేర్ మార్చాక కాలు పెడల్ మీంచి తీసేయండి.
• ఆర్‌పీఎం పెరుగుతున్నా స్పీడ్ పెరగకపోతే వెంటనే చూపించండి.
• ఏఎంటీ కారుకీ క్లచ్ ఉంటుంది, దాన్ని మీ కాలికి బదులు యాక్చుయేటర్ నొక్కుతుంది. ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో ఆపి పట్టుకుంటే అదీ కాలుతుంది.

ఎలక్ట్రిక్ కారుకి ఈ గొడవ లేదు, మోటార్ సున్నా స్పీడ్ నుంచే లాగగలదు. అది కొనే దాకా నా ఎడమ కాలు ఫుట్‌రెస్ట్ మీదే ఉంటుంది.